సున్నం చెరపని చోటు

మంగళవారం పొద్దున్న మేస్టారు పోయారు. భాలుబాసా తెలుగు లైబ్రరీలో జరిగిన సంతాప సభలో మీరంతా ఆయన్ని "కంప్యూటర్లు బాగుచేసే మేస్టారు" అన్నారు. తప్పు. ఆయన స్క్రూడ్రైవరు పట్టగా నేనెప్పుడూ చూడలేదు. ఏది ఎక్కడుండాలో చెప్పేవారు, అంతే. రైల్వేలో రిటైరయ్యాక వారానికి రెండుసార్లు మాంగో పేట నుంచి ఆటోలో వచ్చి, పుస్తకాల జాబితా ఉన్న మన లినక్స్ కంప్యూటరు ముందు నన్ను కూర్చోబెట్టేవారు.

మొదటి నెలలోనే ఒక ఘనకార్యం చేశాను. అక్షరాలు చీమల్లా ఉన్నాయని, జాబితా ప్రోగ్రాము తనతో తెచ్చుకున్న సెట్టింగుల ఫైలు వెతికి పట్టుకుని, అందులోనే సైజు పదహారు చేశాను. మూడు వారాలు గర్వంగా తిరిగాను. అప్‌డేట్ వచ్చింది. మళ్లీ చీమలు.

మేస్టారు నవ్వలేదు. "అమ్మగారూ, కంపెనీ క్వార్టర్లో ఉన్నప్పుడు గోడ మీద ఏటైనా రాశారేటండీ?"

రాశాను. పిల్లల ఎత్తులు, ఏటేటా పెన్సిలు గీతలు. ఒకసారి ఊరెళ్లొచ్చేసరికి కంపెనీవాళ్లు సున్నం వేసి పోయారు.

"సున్నం ఏసేవోడు మీ గీతలు సూత్తాడేటండీ? ఆడి గోడ, ఆడి సున్నం. ప్రోగ్రాము తనతో తెచ్చుకున్న ఫైలు యూఎస్ఆర్ అనే ఫోల్డర్లో ఉంటాది, అది ఆడి గోడ. మీ మార్పు ఈటీసీ అనే ఫోల్డర్లో ఎట్టండి, అది ఇంటికంతటికీ ట్రంకుపెట్టె. మీ ఒక్కరికే అయితే మీ హోమ్ ఫోల్డరు, అది బొడ్లో సంచి. ప్రోగ్రాము ముందు సంచి సూత్తాది, తరవాత పెట్టె, ఆఖర్న గోడ."

"ఈటీసీ అంటే వగైరా కదండీ! ఇంత ముఖ్యమైనవి వగైరాలో వేయడమేమిటి?" అన్నాను, నా పదహారు ఈసారి అక్కడ రాస్తూ.

కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తెలియనప్పుడు చేసే పని అది. మరుసటి వారం ఒక చీటీ తెచ్చారు. "మొదట్లో ఎక్కడా ఇమడనివి అందులో పడేసేవోరంటండి, అటకలాగ."

"మరి పేరెందుకు మార్చలేదు?"

కళ్లజోడు మళ్లీ తీశారు. ఆ జవాబు తేకుండానే వెళ్లిపోయారు.

ఇక అసలు సంగతి. ఈ ఆదివారం మన కార్యదర్శి ఆ కంప్యూటరులో కొత్త సిస్టమ్ వేస్తాడట. "అరే అమ్మగారూ, అంతా ఫార్మాట్ కొట్టేత్తాను. టెన్షన్ మత్ లీజియే" అంటున్నాడు, కంగారు పడొద్దట. నాయనా, అప్‌డేట్ అంటే సున్నం. ఫార్మాట్ అంటే క్వార్టరే కూల్చడం. ముందు పెట్టె బయటికి తీయొద్దూ?

నిన్న ఈటీసీ తెరిచి చూశాను. మేస్టారు తను చేసిన ప్రతి మార్పు పైనా కారణం తెలుగులో రాసిపెట్టారు. ముందు హాష్ గుర్తు పెడితే కంప్యూటరు ఆ వాక్యం జోలికి పోదు, మనుషులే చదువుకోవాలి. జాబితా ఫైల్లో ఇలా ఉంది: "అమ్మగారికి చూపు ఆనడం లేదు. ఒప్పుకోరు. పదహారు తీసి ఇరవై చేశాను."

ఇన్నాళ్లూ నా కళ్లు బాగున్నాయనుకున్నాను.

సాక్చీ బజారు వైపు వెళ్లేవారెవరైనా ఒక పెన్‌డ్రైవ్ కొనుక్కురండి. శనివారం ఐదింటికి లైబ్రరీ తెరిచి ఉంచుతాను. ఈటీసీ మొత్తం కాపీ చేయండి. అయ్యాక జాబితా ఫైలు తెరిచి, ఆ వాక్యం వచ్చిందో లేదో చూసి, అప్పుడే పెన్‌డ్రైవ్ పీకండి. పైకి చదవక్కర్లేదు.