కుట్టు లేని స్వెట్టరు

ఆదోని ఎండకు గుండ్లు పగులుతాయని సామెత లేదు గానీ ఉండాల్సింది. అలాంటి ఊళ్లోకి సేతుమాధవరావు పంతులు ఒక వేసవి పూట ఆరు ఉన్ని స్వెట్టర్లు మోయించుకొని వచ్చాడు. కావాలని తెచ్చినవి కావు. పత్తి ప్రెస్సులో మేనేజరుగా ఉన్న దొర తన దేశానికి వెళ్లిపోతూ సామాను వేలం వేయిస్తే, పుస్తకాలు పెట్టుకోవడానికి పనికొస్తుందని ఒక ట్రంకు పెట్టె పాడుకున్నాడు. ఇంటికొచ్చి మూత తీస్తే కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. అడుగున దొర తొడిగి విడిచిన స్వెట్టర్లు మడతపెట్టి ఉన్నాయి. ఆంధ్రరాష్ట్రం వచ్చిన మరుసటేడు జరిగిన ముచ్చట ఇది.

పంతులు భార్య జయలక్ష్మి ముక్కు మూసుకొని, వాటిని పెంట మీద పారేయమంది. పంతులు అక్క తులసీబాయి ఒప్పుకోలేదు. చింతగింజను కూడా పారేయని మనిషి ఆమె. పైగా శాస్త్రం ఆమె నాలుక చివరనే ఉంటుంది. ఉన్నికి మైల లేదు, దొర తొడిగినా దొంగ తొడిగినా ఉన్ని ఉన్నే అని తేల్చి, పెట్టెను తన వైపు లాక్కుంది.

ఇక చూడండి ఆమె చేతి నేర్పు. ఒక స్వెట్టరును నీళ్ల బిందెకు తొడిగి తడిపి పెట్టింది. వైశాఖంలో కూడా ఆ నీళ్లు గొంతులో చల్లగా దిగేవి. ఇంకొకటి తిరగలి కింద పరిచింది, దాని గడగడ సగం తగ్గింది. రెండింటిని సంచిలో కుక్కి తమ్ముడికి దిండు చేసింది. అయిదోది తంబూరకు తొడిగింది. మెడ బయటికి పెట్టి, చేతులు చెరో పక్క వేలాడేసుకొని మూల నిలబడిన ఆ తంబూర అచ్చం అలిగిన దొరలా ఉండేది. గది అద్దెకు అడగడానికి వచ్చిన ఒకాయన గడపలో ఆగి దానికి నమస్కారం పెట్టాడు కూడా. ఆరోది పచ్చరంగుది. ఎక్కడా చిరుగు లేదు. దానికింకా వేళ రాలేదని పెట్టెలోనే ఉంచింది.

తులసీబాయి కథ చెప్పడానికి ఎక్కువసేపు పట్టదు. పదకొండో ఏట పెళ్లి, పన్నెండో ఏట వైధవ్యం, ఎర్రచీర, తలమీద ముసుగు. అప్పటినుంచి పుట్టినిల్లే ఇల్లు. తల్లి పోతే తమ్ముణ్ణి తానే పెంచింది. పెళ్లిళ్లకు ఆమెను ముందు నిలబెట్టేవాళ్లు లేరు, పేరంటాలకు పిలిచేవాళ్లు లేరు. కానీ ఇంటికి భోజనానికి పిలిస్తే చాలు, వచ్చేవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే: వంట తులసక్కదేనా? ఆ ఒక్క మాట మీద ఆమె యాభై ఏళ్లు తలెత్తుకొని బతికింది.

ధనుర్మాసం వచ్చింది. తెల్లవారకముందే పూజ, తెల్లవారకముందే నైవేద్యం. మడి వంట అంటే తలస్నానం చేసి, ఎవరూ ముట్టకుండా ఎత్తు దండెం మీద ఆరేసిన బట్టే కట్టాలి. ఆ చలికి బట్ట ఎక్కడ ఆరుతుంది? తడిదే చుట్టుకోవాలి. ఇలాంటి రోజులకే వెనకటివాళ్లు ధావళి అని ఉన్నివస్త్రం పెట్టుకునేవారు, దానికి ఎప్పుడూ మడే. తల్లి ఇచ్చిన ధావళిని పురుగులు ఏనాడో కొట్టేశాయి. తులసీబాయి తడిబట్టతో పది రోజులు నెట్టుకొచ్చింది. పదకొండో రోజు దగ్గు పట్టుకుంది. డాక్టరు గొట్టం పెట్టి విని, ఇంకొక్కసారి తడిబట్ట కడితే నా దగ్గరికి తీసుకురావొద్దు అన్నాడు.

సేతుమాధవరావుకు అక్క అంటే ప్రాణం. అందుకే మెత్తగా చెప్పాడు.

"అక్కా, ఇంక నువ్వు పొయ్యి తట్టు రావొద్దు. జయలక్ష్మి చేస్తాదిలే."

ఆ మాట ఆమెకు దగ్గుకన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. పొయ్యి ముందు తప్ప ఈ ఇంట్లో తనకు చోటెక్కడిది? జయలక్ష్మి మంచిదే, మనసులో కల్మషం లేదు. చారులో ఉప్పూ ఉండదు, అది వేరే సంగతి.

మర్నాడు తెల్లవారుజామున తులసీబాయి స్నానం చేసి, పొడి ఎర్రచీర మీద దొరగారి పచ్చ స్వెట్టరు తొడుక్కొని వంటింటి గడప దగ్గర నిలబడింది. జయలక్ష్మి చేతిలో గరిటె జారిపోయింది. పంతులు పరుగెత్తుకొచ్చి, ఇదేం వేషం, కుట్టిన బట్టకు మడి యాడుంది అన్నాడు. కుట్టలేదు, అల్లినారు, అల్లిక వేరు కుట్టు వేరు, పైన ఉన్ని ఉంటే లోపలి పొడిచీరకూ మడే అని తులసీబాయి జవాబు. బడిలో నలభై మందికి వ్యాకరణం చెప్పే మనిషి అక్క ముందు తల గోక్కున్నాడు. చివరికి, మంత్రాలయం నుంచి శాస్త్రం తెలిసిన గురురాజాచార్యులు ఏకాదశికి వస్తున్నారు గదా, ఆయనే తేలుస్తారులే అనుకున్నారు. అందాకా పొయ్యి జయలక్ష్మిదే.

ఆచార్యులు ఏకాదశినాడు పొద్దున దిగాడు. ఏకాదశినాడు వంట లేదు, తిండి లేదు, కాబట్టి వాదానికి బోలెడంత తీరిక. ఆయన పీట మీద కూర్చొని, స్వెట్టరును ఎదురుగా చాప మీద పరచమన్నాడు. అసలు ఆయన మనసంతా ఉపవాసం విడిచే మర్నాటి ద్వాదశి పారణ భోజనం మీద ఉంది. అవిసాకు కూర, ఉసిరికాయ పచ్చడి తులసీబాయి చేతివైతే ఒక తీరు, ఇంకొకరివైతే ఇంకొక తీరు. పోయినేడు ఆయన జయలక్ష్మి చారు తాగి ఉన్నాడు. అయినా శాస్త్రం శాస్త్రమే.

ఉన్నికి మైల లేదు, ఎవరు తొడిగినా దోషం లేదు అని మొదటి మాట చెప్పాడు. తులసీబాయి ముఖం వెలిగింది. అల్లిక కుట్టు కాదు, అది నేతతో సమానం అని రెండో మాట చెప్పాడు. అంతలో వంగి చూశాడు. చంక కింద ముందు ముక్కనూ వెనక ముక్కనూ కలిపి సూదితో వేసిన కుట్టు కనబడింది.

"ఇది కుట్టే గదమ్మా," అన్నాడు, తనకే కష్టం వచ్చినట్టు.   తులసీబాయికి కళ్లు ఒత్తుకోవడానికి దొరికింది ఆ స్వెట్టరు చెయ్యే.

పాలు తెచ్చిన మద్దమ్మ ఇదంతా గడప అవతల నిలబడి వింటోంది. కురుబ మనిషి, ఇంట్లో మగడు గొంగళ్లు నేస్తాడు, తాను బొచ్చు ఏకి వడుకుతుంది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంటికి పాలు పోస్తోంది. పోయడమంటే గడపరాతి మీద పెట్టిన చెంబులోకి మూరెడు ఎత్తునుంచి పోయడం. చెంబుకు ముంత తగలకూడదు. పడాల్సినవి చెంబులో పడతాయి, మిగిలినవి రాతి మీద పడతాయి. ఆ రాతి పక్కనే ఒక గండుపిల్లి కాచుకొని ఉంటుంది. దాని తాత ముత్తాతలు కూడా ఆ చుక్కల మీదనే బతికారు.

"సామీ, కుట్టు ఇప్పేస్తే సాలు గదా," అంది మద్దమ్మ. "ఉన్నిని కట్టాలంటే సూది ఎందుకు? ముడేస్తే నిలబడతాది."

ఆచార్యులు కనుబొమలు ఎత్తాడు. మద్దమ్మ అనుమతి కోసం ఆగలేదు. తులసీబాయి తోసిన స్వెట్టరును అందుకొని, కంచెలోంచి ఒక తుమ్మముల్లు విరిచి, కుట్టు పోగును ఒక్కొక్కటే లేపి లాగింది. ముందు ముక్క విడిపోయింది, వెనక ముక్క విడిపోయింది, చేతులు రెండూ గొట్టాల్లా ఊడిపడ్డాయి. ఆ పోగులనే పేని తాళ్లు చేసి, భుజాల మీద రెండు చోట్ల, పక్కల రెండు చోట్ల ముడులు వేసింది. గొంగడి ముడి అది, ఎద్దు లాగినా రాదు.

పంతులుకు ఇంకా సందేహం తీరలేదు. ముడి మాత్రం కుట్టు కాదా అని నసిగాడు. ఆచార్యులు తన జంధ్యాన్ని వేలితో పైకి లాగి చూపించాడు.

"దీనికి ముడి లేదా సేతూ? ఇది తీసేసి వంటకు కూర్చోమంటావా నన్ను?"

అంతటితో తీర్పు అయిపోయింది. మద్దమ్మ ముడుల స్వెట్టరును చేత్తో ముందుకు చాచింది. తులసీబాయి అలవాటు కొద్దీ గడపరాయి చూపించబోయింది, కింద పెట్టమని. తర్వాత ఆగింది. ఉన్ని గదా. చెయ్యి చాచి అందుకుంది. ముప్పై ఏళ్లలో ఆ ఇద్దరి చేతులు ఒకే వస్తువును ఒకే క్షణంలో పట్టుకోవడం అదే మొదలు.

మర్నాడు చీకటితోనే పొయ్యి వెలిగింది. తులసీబాయి స్వెట్టరులో వెచ్చగా కూర్చొని అవిసాకు తాలింపు పెట్టింది. ఆచార్యులు మూడుసార్లు వడ్డించుకొని, ఇంగ్లీషు దొరకు కూడా ఆశీర్వాదం చెప్పాడు. జయలక్ష్మి హాయిగా తిని, పొయ్యి బాధ తప్పిందని ఆవులించింది.

ఇక ఊడిన స్వెట్టరు చేతులు రెండూ మిగిలాయి. తులసీబాయి వాటిని కూడా పారేసే మనిషి కాదని చెప్పాను గదా. ఆ పొద్దున మద్దమ్మ వచ్చి, ముంతను మూరెడు ఎత్తుకు లేపబోయింది. తులసీబాయి ఆ పచ్చ గొట్టాన్ని వేళ్లు కనబడకుండా ఎడమ చేతికి తొడుక్కొని, మద్దమ్మ ముంత పట్టుకున్న చేతిని కింద నుంచి పట్టి, ముంతను నేరుగా చెంబు అంచుకు ఆనించింది. పంతులు చూశాడు. అక్క నోరు తెరవకముందే, ఉన్నికి మైల లేదులే అని తానే అనేసి పత్రిక వెతుక్కుంటూ లోపలికి పోయాడు.

"ఉన్నిలోంచి గూడా నీ సెయ్యి ఇంత సల్లగుందేం అవ్వా?" అంది మద్దమ్మ.

"పట్టుకో, వేడెక్కుతుంది," అంది తులసీబాయి.

చెంబు నిండింది. గండుపిల్లి గడపరాతిని ఒకసారి నాకి చూసి, ఇద్దరి ముఖాలకేసి మార్చి మార్చి చూసింది. రాయి పొడిగా ఉంది.