బాలింత గదిలో నిప్పులు

నా చిన్నప్పుడు మా ఇంటికి గ్యాసు పొయ్యి వచ్చినా, చలికాలం మొదలైతే పెరట్లో కట్టెల పొయ్యి ఆరేది కాదు. స్నానాల నీళ్లు, గొడ్లకు కుడితి అన్నీ దానిమీదే. తుమ్మ మొద్దులు కాలి బొగ్గులయ్యాక, ఆ నిప్పులను ఇనుప బొచ్చెలోకి ఎత్తి గదిలో పెట్టుకునేవాళ్లం. గిద్దలూరు వైపు కొండల కింద ఊరు మాది. కొండ మీదినుంచి దిగే చలికి ముసలివాళ్లూ బాలింతలూ ఆ బొచ్చె చుట్టూనే కాలం గడిపేవాళ్లు.

నిప్పుల పని మా జేజిది. మా నాయనమ్మను మేము జేజి అనేవాళ్లం. మా వీధిలో ఏ ఆడపిల్ల కాన్పై ఇంటికొచ్చినా ముందు జేజికే కబురు వచ్చేది. ఆమె వెళ్లి కిటికీకి పాతచీర కుక్కేది, తలుపు కింద సందులో గోనెపట్ట మడిచి పెట్టేది, తర్వాత నిప్పులు తెచ్చేది. నిప్పుల మీద ఆమెకు ఎంత శ్రద్ధంటే, ఒక్క బొగ్గు పొగ చిమ్మినా పట్టకారుతో తీసి బయట పారేసేది. పొగ లేకపోతే ఇక ఏ ప్రమాదమూ లేదని ఆమె నమ్మకం. కాదన్నవాళ్లను నేను చూడలేదు.

నాకు తొమ్మిదేళ్లున్నప్పుడు మా మేనత్త తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. మగబిడ్డ పుట్టాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్నాళ్లకే తుపాను ముసురు పట్టుకుంది. ఆ రోజు వెనక గదిలో అత్త, బిడ్డ, వాళ్లకు తోడుగా నేను ఉన్నాం. నాకు అందరి మధ్య కూర్చోవడం చేతకాదు, ఆ గదిలోనైతే పుస్తకం చదువుకుంటూ ఉండొచ్చు. అందుకని ఎవరూ చెప్పకపోయినా అక్కడే ఉండేదాన్ని.

మధ్యాహ్నం దాటాక అత్త తల పగిలిపోతోందని అన్నది. జేజి వచ్చి నుదురు పట్టి చూసి, చలి తలకెక్కిందని తేల్చి, బొచ్చెలో ఇంకొన్ని నిప్పులు పోసింది. కాసేపటికి అత్తకు వాంతి అయింది. జేజి గోనెపట్టను ఇంకాస్త లోపలికి తోసింది. నాకు పుస్తకంలో అక్షరాలు కదులుతున్నట్టు అనిపించింది. మసక వెలుతురులో చదవడం వల్లనేమోనని పుస్తకం మూసి గోడకు ఆనుకున్నాను. కాళ్లు నావి కానట్టున్నాయి. బిడ్డ పాలకు కూడా లేవలేదు. జేజి వాడి బుగ్గ తాకి మురిసిపోయింది. "చూడు, వెచ్చగా ఎట్ల నిద్రపోతున్నాడో నా బంగారు," అన్నది.

అప్పుడే పక్కింటి అక్క పాలకు తోడు అడగడానికి వచ్చింది. ఆమెకు ముప్పై ఏళ్లుంటాయి, ఇద్దరు మగపిల్లలు. బాలింత గడప ఇవతలే నిలబడాలన్న నియమం ఆమెకు తెలుసు. జేజి తలుపు కొంచెం తీసి గిన్నె అందుకుంటుంటే, ఆ సందులోంచి అక్క మా ముగ్గురినీ చూసింది. బొచ్చెనూ చూసింది. తర్వాత ఇల్లు అదిరేలా అరిచింది.

"పెద్దమ్మా, తేలు! బిడ్డ పక్కలోకి పోతుండాది!"

నియమమంతా ఏమైందో, ఆమె ఒక్క అంగలో లోపలికి దూకి బిడ్డను గుడ్డలతో సహా ఎత్తుకుని వసారాలోకి పరిగెత్తింది. గొడ్లపాకలోంచి మా నాయన కర్రతో వచ్చాడు. అత్తను ఆయన మోసుకొచ్చాడు, నన్ను అక్క రెక్క పట్టి లాక్కొచ్చింది. అంతటితో ఊరుకోలేదు. "కిటికీ తియ్యన్నా! చీకట్లో తేలు ఎట్ల కనపడతాది? ఆ బొచ్చె బయట పడెయ్, దాని కిందే దూరినట్టుంది!" అని కేకలు పెట్టింది. కిటికీలో కుక్కిన పాతచీర ఊడొచ్చింది, రెక్కలు తెరుచుకున్నాయి, నిప్పులు వానలో చుయ్యిమన్నాయి. నాయన మంచం తిరగేసి, మూటలు విప్పి, గదంతా కర్రతో కొట్టాడు. తేలు దొరకలేదు. పోయిన ఏడు పోగొట్టుకున్న టార్చిలైటు మాత్రం దొరికింది. చూడ్డానికి వచ్చిన ఎదురింటి మామ, "తేలు దాన్ని నీకు అప్పజెప్పి పోయినట్టుందిలే బావా," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అక్క ఒళ్లో బిడ్డ గుడ్డపేలికలా వేలాడుతున్నాడు. ఆమె వాడి అరికాళ్లు రుద్దుతూ, వానగాలి వచ్చే వైపు ముఖం తిప్పి పట్టుకుంది. ఎంతసేపటికో వాడు పిల్లికూనలా మూలిగాడు. జేజి గుండెలు బాదుకుంటూ కుట్టిందేమో, కుట్టిందేమో అంటుంటే అక్క ఆ మాటే పట్టుకుంది.

"కుట్టిందో లేదో మనకేం తెలుస్తాది పెద్దమ్మా? ఆటో పిలువన్నా, కంభం ఆసుపత్రికి పోదాం."

నాకూ వాంతి కావడంతో నన్నూ ఎక్కించారు. జేజిని ఇంటి దగ్గరే ఉండమన్నారు. ఆసుపత్రిలో మా ముక్కులకు గొట్టాలు పెట్టారు. డాక్టరు నాయనను అడిగిన మొదటి మాటే, మూసిన గదిలో నిప్పులు పెట్టారా అని. బొగ్గుల నుంచి కంటికి కనపడని, వాసన తెలియని విషం వస్తుందని, పొగ లేనంత మాత్రాన అది లేనట్టు కాదని, ఇంకాస్త ఆలస్యమైతే తల్లీబిడ్డా దక్కేవాళ్లు కారని చెప్పాడు. నాయన తేరుకుని, మరి తేలు సంగతేందని అక్కను అడిగాడు.

"తేలు లేదన్నా," అన్నది అక్క. "నిప్పులు తియ్యమంటే పెద్దమ్మ తీస్తాదా? వాదించే టైము లేకపాయె."

నేను నిద్రపోతున్నాననుకుని ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. ఇద్దరు మగపిల్లల కంటే ముందు ఆమెకు ఒక ఆడపిల్ల పుట్టి, ఇలాంటి గదిలోనే పోయింది. అందరూ గాలి సోకిందన్నారు. తర్వాతెప్పుడో ఒక నర్సమ్మ అసలు సంగతి చెబితే, ఇంటికి వెళ్లి అత్తగారితో అన్నది. నిప్పులు పెట్టింది ఆ అత్తగారే. ఆమె ఆ తర్వాత మనిషి కాలేదు. "పెద్దమ్మకు మాత్రం చెప్పొద్దన్నా," అని అక్క నాయన చేతులు పట్టుకున్నంత పని చేసింది.

అందుకే చెప్పలేదు. మూసిన వెచ్చని గదికే తేళ్లు వస్తాయని, నిప్పులు వసారాలో ఉంచి కిటికీ తెరవాలని అక్క జేజిని నమ్మించింది. జేజి అలాగే చేసింది. బిడ్డ కోలుకున్నాడు, అత్త లేచి తిరిగింది. జేజి అక్కను పొగడని రోజు లేదు. ఆ తల్లి కళ్లు చల్లగుండ, తేలు నోట్లోంచి నా మనవణ్ణి లాగిందని వీధంతా చెప్పేది. అక్క తల దించుకుని వినేది. నాయన లేచి బయటికి వెళ్లిపోయేవాడు. నేను పుస్తకం తీసుకుని వెనక గదిలోకి పోయేదాన్ని.

నెల తిరగకుండానే వీధి చివరి ఇంటికి ఒక బాలింత వచ్చింది. ఆ ఇల్లు కొత్తది, సిమెంటు గచ్చు. తేళ్ల భయం లేదు కదా అని జేజి మళ్లీ నిప్పులు ఎత్తింది. కిటికీకి కుక్కే గుడ్డలు నా చేతికిచ్చి వెంట రమ్మన్నది. నాయన చేలో ఉన్నాడు, అక్క ఊళ్లో లేదు. ఆమె ముందు, నేను వెనక. ఆ బొచ్చెలో ఎర్రగా, ఒక్క పొగ చార కూడా లేకుండా, ఎంత అందంగా ఉన్నాయో నిప్పులు. పెద్దవాళ్ల ముందు నోరు తెరవడమంటే నాకు ప్రాణం పోయినట్టుండేది. అయినా వీధి మధ్యలో ఆగిపోయాను.

"తేలు లేదు జేజీ," అన్నాను. "అక్క అబద్ధం చెప్పింది. నిప్పులే."

ఆమె వెనక్కి తిరిగింది. నేను డాక్టరు చెప్పినదంతా ముక్కలు ముక్కలుగా చెప్పాను. అక్క బిడ్డ సంగతి చెప్పలేదు. జేజి ఆ బొచ్చెలోకి చూసింది.

"మీ నాయనకు తెలుసా?"

తల ఊపాను. తిడుతుందనుకున్నాను, కూలబడిపోతుందని భయపడ్డాను. ఆమె మాత్రం ముందుకు నడిచి, ఆ ఇంటి వాకిట్లో బొచ్చె దించింది. దించేటప్పుడు రెండు నిప్పులు కింద పడ్డాయి. లోపలికి వెళ్లి, అప్పటికే మూసిపెట్టిన కిటికీని తానే బార్లా తీసింది. బాలింత తల్లి చలి కదా పెద్దమ్మా అంటే, జేజి అన్న మాట నాకు ఇవాళ్టికీ అదే గొంతుతో వినిపిస్తుంది.

"నా మనవణ్ణి నేనే చంపబోయినా తల్లీ. నువ్వు ఆ పని చెయ్యొద్దు."

ఆ తర్వాత బతికినన్నాళ్లూ బాలింత ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లి ఆ మాటే చెప్పింది. కొందరు వెనక గుసగుసలాడారు. ఆమె విననట్టు ఉండేది. కానీ అత్త కొడుకును మాత్రం మునుపటిలా అమాంతం ఎత్తుకోలేదు. ముందు వాడి ముక్కు దగ్గర వేళ్లు పెట్టి చూసి, ఊపిరి తగిలాకే ఎత్తుకునేది. వాడు పరుగులు తీసే వయసు వచ్చినా అంతే. అది చూసినప్పుడల్లా నేను చెప్పకుండా ఉండాల్సిందా అని నలిగిపోయేదాన్ని. ఇప్పటికీ ఆ నలుగుడు పూర్తిగా పోలేదు.

నేను ఇప్పటికీ నలుగురిలో మాట్లాడలేను. మొన్న చలికి మార్కాపురంలో తెలిసినవాళ్లింటికి బిడ్డను చూడటానికి వెళ్తే, మంచం పక్కన బొగ్గుల కుంపటి, చుట్టూ మూసిన కిటికీలు. కుంపటి తీసేయమన్నాను. ఈ పిల్లకు ఇంత చాదస్తమేందని నవ్వారు. నవ్వనిచ్చాను. కుంపటి వాకిట్లోకి పోయి, కిటికీలన్నీ తెరుచుకునేదాకా అక్కడే నిలబడ్డాను.