పదిహేను ఓవర్ల టీ పందెం

పాలకొల్లు బస్సులో మా ఆయన పక్కన కూర్చున్నాను. పెళ్లయి ఏడాదైనా నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడని మనిషి. ముందు సీట్లో ఎవరో ట్రాన్సిస్టర్‌లో క్రికెట్ వింటూ వెనక్కి తిరిగాడు.

"మొదటి పదిహేను ఓవర్లకి ఎంత కొడతారంటారండి? టీ పందెం!"

"తొంభై దాటదండి," అన్నారు మా ఆయన.

ఇక ఫోరు కొడితే అతనూ, వికెట్ పడితే ఈయనా సీటు చరిచి ఒకటే నవ్వడం. మా ఆయనకి అంత నవ్వుందని నాకప్పుడే తెలిసింది. ఒళ్లు మండిపోయింది.

దిగుతూ అతను, "మీ ఆయన భలే సరదా మనిషండి," అన్నాడు నాతో.

తర్వాత పట్టుబట్టి క్రికెట్ నేర్చుకున్నాను. ఒకరోజు మ్యాచ్ మొదలవుతుంటే, "ఏవండీ, పదిహేను ఓవర్లకి వంద. టీ పందెం," అన్నాను.

ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"ఆ బస్సులో ఆయనది ఏ ఊరో అడగాల్సింది," అన్నారు.