నీలి సీసాలోని నూనె

మా బొగ్గుబావి కాలనీ చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చేవాళ్లు ఇంటి నుంచి నూనె సీసా తెచ్చి పాస్టర్ అయ్యగారి ముందు పెడతారు. ప్రార్థన అయ్యాక ఎవరిది వాళ్లు తీసుకుపోయి నొప్పి ఉన్నచోట రాసుకుంటారు. తేవడం మరిచినవాళ్ల కోసం నేను ఒక సీసా ఎక్కువ పట్టుకుపోతాను. చాలా ఏళ్లుగా సంఘంలో ఆడవాళ్లకు వాక్యం చెబుతున్నదాన్ని, ఇది కూడా నా పనే అనుకుంటాను.

ఒక శుక్రవారం, ఇంట్లో అల్మారాలో కనిపిస్తే ఎక్కువగా పట్టుకుపోయిన నీలి కొబ్బరినూనె సీసాను వెనక వరుస క్వార్టర్‌లో ఉండే ఒక పెద్దమ్మకు ఇచ్చాను. కొత్తగా వస్తోంది. బాప్తిస్మం సంగతి ఎత్తితే "చూద్దాం తియ్ బిడ్డా" అనేది. మోకాళ్ల నొప్పికి కింద కూర్చోలేకపోయేది.

రెండు వారాలకు ఆదివారం ఆరాధనలో ఆమే లేచి సాక్ష్యం చెప్పింది.

"మెట్లెక్కుడే బందైనదాన్ని. ఇయ్యాల నడుచుకుంట వచ్చిన. ప్రార్థన చేసిన నూనెతోని దేవుడు నన్ను ముట్టిండు. వచ్చే ఆదివారం నాకు బాప్తిస్మం ఇయ్యుండ్రి."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఏడ్చాను.

ఇంటికొచ్చేసరికి, నాతోనే ఉండే మా అవ్వ అల్మారా అంతా గుల్ల చేసి కూర్చుంది.

"నా మోకాళ్ల నూనె ఏమాయెనే? పదిహేను రోజులసంది దేవులాడుతున్న. కొబ్బరినూనెది ఖాళీ నీలి సీస ఉంటె అండ్ల పోసిపెట్టిన."

"అండ్ల ఉన్నది కొబ్బరినూనె కాదా?"

"కొబ్బరినూనె ఏంది? నువ్వుల నూనెల గంజాయాకు ఏసి కాచింది."

"గంజాయా? మన ఇంట్లనా?" అన్నాను.

"జర మెల్లగ. జైనూర్ దిక్కు మా ఊర్ల, ఎడ్లకు కడుపు జారితే మా బాపు గా ఆకు బెల్లంల కలిపి మింగిచ్చేటోడు. శివరాత్రికి మరాఠోళ్లు పాలల్ల నూరుకొని తాగేటోళ్లు. నేను తాగలే, పీల్చలే. మోకాళ్లకు రాసుకున్న. గంతే."

మొక్క స్నానాల గది వెనకే ఉంది. ఇంకా పూయలేదేమిటని గొణుక్కుంటూ, బంతి మొక్క అనుకుని నీళ్లు పోసింది నేనే.

పట్టుకుంటే కేసు. వెంటనే పీకేశాను. కాలిస్తే వాసన కాలనీ అంతా తిరుగుతుందని గుంత తీసి పూడ్చాను. అవ్వ చూస్తూ నిలబడి "గా మొక్కను చేసినోడు నీ దేవుడు కాదా?" అంది. ఆయన తాను చేసిన మొక్కలన్నీ చూసి మంచివనుకున్నాడని పిల్లలకు చెప్పేదాన్ని నేనే. మత్తు దగ్గరికి పోవద్దని పెద్దలకు చెప్పేదీ నేనే. రెండూ వాక్యమే.

వారమంతా మోకరించాను. పెద్దమ్మ ఆ నూనెను నమ్మి నీళ్లలో దిగితే మోసం నాది. నిజం చెబితే ఆమె మళ్లీ చర్చి గడప తొక్కకపోవచ్చు. ఏ జవాబూ రాలేదు. శనివారం పొద్దున లేచి ఆమె ఇంటికి వెళ్లాను.

"పెద్దమ్మా, తప్పు చేసిన. గా నూనె మా అవ్వది. గంజాయాకు ఏసి కాచింది."

ఆమె నవ్వింది. "మూత తియ్యంగనే తెల్సింది బిడ్డా. మా అత్త చేతుల వాసనే గది."

"తెల్సి సాక్ష్యం ఎట్ల చెప్పినవ్?"

"గిసొంటి నూనెనే మా అత్త రాసినప్పుడు నడుము నొప్పి ఇసుమంత తగ్గలే. గిప్పుడు మోకాళ్లు తగ్గినయి. మధ్యల ఏం కలిసిందో నువ్వే చెప్పు, వాక్యం చదివినదానివి."

ఆమె గూట్లోంచి నీలి సీసా తీసి ఊపి చూపించింది.

"సీస అయిపోవచ్చింది. ఇంకింత ఉన్నదా?"

"మొక్క పీకేసిన పెద్దమ్మా."

"అయ్యో, పిచ్చిదానా! సరే, రేపు నా చెయ్యి పట్టి దించు. గోదావరిల పాచి ఉంటది."

మరునాడు పట్టుకుని దించాను. అయ్యగారు ముంచి లేపారు. నీళ్లు కారుతూ నా భుజం మీద వాలినప్పుడు ఆమె చీరలోంచి ఆ ఆకు వాసన వచ్చింది. అందరూ పాడుతున్నారు. నేను కూడా పాడాను.

ఇప్పుడు శుక్రవారం ప్రతి సీసా మూత తీసి వాసన చూశాకే అయ్యగారి ముందు పెడుతున్నాను. అన్నీ కొబ్బరి వాసనే. పెద్దమ్మ ఒక్క వారం కూడా మానలేదు. కానీ మొన్నటి నుంచి చర్చి మెట్ల దగ్గర ఆగి, మోకాలు పట్టుకుని, ఊపిరి పీల్చుకుని ఎక్కుతోంది. చెయ్యి అందించడానికి దిగిన ప్రతిసారీ, నేను పీకింది పాపాన్నో, ఆమెకు వచ్చిన జవాబునో తెలియడం లేదు.