అయ్యగారు చదవకూడని చీటీ

మొన్న శనివారం, ఇప్పుడు మా చర్చిలో చిన్న యూత్ అనే పిల్లల గుంపును నడుపుతున్న అబ్బాయి నా కుట్టుమిషన్ దగ్గరికి వచ్చాడు. పిల్లల ప్రార్థన విన్నపాలన్నీ ఇక మీదట ఫోన్ గ్రూపులోనే పెట్టిద్దామని, కాగితాలు ఎందుకని, అందరూ చూసుకుని అందరూ ప్రార్థన చేస్తారు కదా అని నా సలహా అడిగాడు. అడిగాడని మర్యాదకు అంటున్నాను గానీ, అప్పటికే నిర్ణయం చేసుకుని వచ్చాడు. నేను జాకెట్టు చంక దగ్గర కుట్టు విప్పుతూ, "అందరూ చూస్తరు, గదే నాయినా భయం" అన్నాను. వాడికి అర్థం కాలేదు. విడమరిచి చెబుదామంటే అవతల గిరాకీ నిలబడి ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. వాడు చదివితే సంతోషం, లేదంటే నా గోడు నేను వెళ్లబోసుకున్నట్టు.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఆ చిన్న యూత్‌ను నా నెత్తిన పెట్టింది మా పాస్టరు, అంటే మేమంతా అయ్యగారు అని పిలిచే పెద్దమనిషి. మాది మర్రిగూడ వైపు చిన్న ఊరు. పన్నెండు నుంచి పదిహేనేళ్ల పిల్లలు సండేస్కూలుకు మరీ పెద్దవాళ్లయిపోతారు, పెద్ద యూత్‌కు మరీ చిన్నవాళ్లు. ఆ వయసు ఎవరికీ అక్కర్లేదు. పిల్లలంటే నాకు ప్రాణమని కాదు, నా గొంతు పెద్దదని నన్ను ఎంచుకున్నారని నా అనుమానం. శనివారం నాలుగింటికి చర్చిలో చాపలు పరిచి కూర్చునేవాళ్లం. మగపిల్లలకు గొంతులు మారే కాలం కాబట్టి పాట ఒక చోట మొదలై ఇంకెక్కడో తేలేది. ఆడపిల్లలు దానికి నవ్వి నవ్వి చున్నీలు నోట్లో కుక్కుకునేవారు. ప్రార్థనలో కళ్లు మూసుకోమంటే ఒక కన్ను మూసుకుని రెండో కంటితో మిర్చి బజ్జీల పొట్లాన్ని కాపలా కాసేవారు. నాకూ వాళ్ల మీద అరవడం సరదాగానే ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

చీటీల పద్ధతి నేను పెట్టిందే. మనసులో ఉన్నది కాగితం మీద రాసి ఇవ్వాలి, పేరు రాయకూడదు. నేనొక్కదాన్నే చదువుతాను, ప్రార్థన చేస్తాను, ఇంటికి వెళ్లగానే పొయ్యిలో వేస్తాను. మాట ఇచ్చాను. మొటిమలు తగ్గాలని రాసేవాడొకడు, అక్క పెళ్లి తొందరగా కుదిరితే మంచం తనకు వస్తుందని రాసేది ఒకతె. నవ్వొచ్చినా నవ్వకుండా చదివి, అన్నిటికీ ప్రార్థన చేశాను. మంచం గురించి కూడా చేశాను.

డిసెంబరు నెలలో ఒక శనివారం, క్రిస్మస్ జాకెట్లు నా మీద గుట్టగా పడి ఉన్నాయి. చీటీలను బైబిలు జిప్పు కవర్లో పెట్టుకుని ఇంటికి వచ్చి, ప్రార్థన చేసి, పొయ్యి సంగతి మరిచిపోయి మిషన్ మీద కూర్చున్నాను. ఆదివారం చర్చి గుమ్మంలో ఆడవాళ్ల విన్నపాల చీటీలు తీసుకోవడం కూడా నా పనే. అవీ అదే కవర్లో వేశాను. ఆరాధన మధ్యలో అన్నీ కలిపి తీసి అయ్యగారి చేతిలో పెట్టాను. ఇంత తెలివితక్కువ పని నా జన్మలో చేయలేదు.

అయ్యగారు కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే గట్టిగా చదవడం మా చర్చి ఆనవాయితీ. ఒకామె మోకాళ్ల నొప్పులు, ఒకరి బోరులో నీళ్లు పడాలని, ఒకరి కోడలికి నెలలు నిండాయని చదివారు. తర్వాత అదే గొంతుతో చదివారు: "ప్రోగ్రెస్ కార్డు మీద నాయిన సంతకం నేనే పెట్టిన. రెండు సబ్జెక్టులు పోయినయి. దేవుడు మాఫ్ చేస్తడు గానీ నాయిన చెయ్యడు. ఆయన కోసం ప్రార్థన చేయండి."

అది పిల్లల చీటీ అని చదవడం అయ్యాక గానీ ఆయనకు తెలియలేదు. మగవాళ్ల మెడలన్నీ ఒక్కసారిగా పిల్లల వైపు తిరిగాయి. పిల్లలంతా నా వైపు చూశారు. నేను ఎవరి వైపూ చూడకుండా బైబిలు కవరు జిప్పు మూశాను. ఎందుకంటే చాపల మీద కూర్చున్న పధ్నాలుగు మందిలో ఆ చీటీ ఎవరిదో నాకొక్కదానికే తెలుసు. వారం వారం మాకు బోర్డు మీద వాక్యం రాసిపెట్టే తొమ్మిదో తరగతి పిల్లది ఆ గుండ్రటి చేతిరాత.

ఆ పిల్ల నాయిన సెంట్రింగ్ మేస్త్రి. తాగడు, పని ఎగ్గొట్టడు, చేయి మాత్రం ఆగదు. అప్పటికి రెండేళ్ల కిందట పెద్ద కొడుకు పరీక్ష తప్పాడని వాడిని వీధిలో నిలబెట్టి బెల్టుతో కొట్టాడు. ఆ అబ్బాయి మర్నాడు నల్గొండ బస్సెక్కి ఏదో హోటల్లో పనికి కుదిరాడు, అప్పటికింకా ఇంటికి రాలేదు. ఇప్పుడు నా మతిమరుపు ఈ పిల్లనూ అదే వీధిలో నిలబెట్టబోతోంది.

ఆ సాయంత్రం జాకెట్టు కొలతల వంకతో మేస్త్రి ఇంటికి వెళ్లాను. పిల్ల వాకిట్లో గిన్నెలు తోముతోంది, తల ఎత్తలేదు. మేస్త్రి అరుగు మీద కూర్చుని నాకు వందనాలు చెప్పాడు, ఇంకో మాట మాట్లాడలేదు. అతను అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. కొలతల టేపు కూడా తీయకుండా తిరిగి వచ్చాను.

సోమవారం కిరాణా కొట్టాయన వచ్చి, గొంతు తగ్గించి, ఆ చీటీ తన కొడుకుదే కదా అన్నాడు. మంగళవారం ఆటో నడిపే ఆయన వచ్చి, తన కూతురిదేనని ఒట్టు పెట్టాడు. నేను నోరు విప్పలేదు. ఇంతలో ఊళ్లో ప్రతి ఇంట్లో విచారణ జరిగిందట. సంతకం నువ్వే పెట్టావా అని అడిగితే, ఏడుగురు పిల్లలు పెట్టామని ఒప్పేసుకున్నారు! ఒక్క చీటీకి ఏడుగురు దొంగలు. మామూలు రోజుల్లో అయితే కడుపు పట్టుకుని నవ్వేదాన్ని. ఆ వారం అన్నమే సహించలేదు. పిల్లలు ఇక ఒక్కరు కూడా రారనీ, వచ్చినా నన్ను నమ్మరనీ, అయినా అది చిన్న సంగతేననీ, మేస్త్రి ఇంట్లో ఏం జరుగుతోందన్నదే అసలు సంగతనీ నాలో నేనే గొణుక్కునేదాన్ని.

గురువారం మధ్యాహ్నం మేస్త్రి వచ్చాడు. చొక్కా నిండా సిమెంటు. బెంచీ మీద కూర్చుని, తన చేతులకేసి చూసుకుంటూ అన్నాడు.

"అక్కా, గా చీటి ఎవలదని నేను అడుగ. నాకు ఎరుకే. కార్డు తీసి చూసిన. నా సంతకం నాకంటె మంచిగ పెట్టింది."

నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"కొడ్తడని రాస్తె గింత బాధ కాకపోవు. మాఫ్ చెయ్యడని రాసింది. పెద్దోడు పోయిండు. గిది గూడ పోతదా అక్కా?"

టీ పోసి ఇచ్చాను. అతను తాగకుండా పట్టుకుని కూర్చుని, "మాఫ్ చేసుడు ఎట్లనో నాకు తెల్వదు. మా నాయిన మాకు ఎన్నడు చెయ్యలే" అన్నాడు. అప్పుడు నేను, "నాకు చెప్పిన గీ మాటే బిడ్డకు చెప్పు తమ్మీ, ఇంకేం చెప్పకు" అన్నాను. తల ఊపాడు. చెబుతాడో లేదో నాకు నమ్మకం కలగలేదు. అతను వెళ్లాక మిషన్ ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

శనివారం రెట్టింపు బజ్జీలు కొనుక్కుని వెళ్లి చాపలు పరిచాను. నాలుగింటికి ఎవరూ లేరు. పావుగంటకు ఇద్దరు, తర్వాత గుంపుగా మిగతావాళ్లు వచ్చారు. ఆటో ఆయన కూతురు లేచి నిలబడి, "పొయ్యిల ఏస్తనన్నవ్ గదా ఆంటీ" అని నిలదీసింది. తప్పు నాదేనని చెప్పి, నన్ను మాఫ్ చేయమని పిల్లల ముందు చేతులు జోడించాను. వాళ్లు తలలు దగ్గర పెట్టి ఏదో మంతనం చేశారు. మాఫ్ చేశాం గానీ ఇక ప్రతి వారం బజ్జీలు ఇన్నే తేవాలని షరతు పెట్టారు. దొంగ వెధవలు. ఒప్పుకున్నాను. నా కళ్లు మాత్రం గేటు వదల్లేదు. పదమూడు మంది వచ్చారు, రావాల్సిన పిల్ల రాలేదు.

ఐదు కావస్తుండగా మేస్త్రి బండి చప్పుడైంది. పిల్ల దిగింది. ముఖం మీద దెబ్బ లేదు, చేతుల మీద లేదు. ముందు అదే వెతికాను, సిగ్గులేకుండా. అది నేరుగా వచ్చి ప్రోగ్రెస్ కార్డు విప్పి నా చేతిలో పెట్టింది. తను పెట్టిన చక్కటి సంతకం కింద, వంకరటింకరగా, పెన్ను నొక్కి నొక్కి రాసిన ఇంకో సంతకం ఉంది.

"గిది నీది, గిది నాది అన్నడు ఆంటీ" అంది. ఇంకా, "తప్పినా సరే, సంతకం నాతోనే పెట్టించు బిడ్డా అన్నడు."

కార్డు పట్టుకుని అక్కడే చాప మీద కూర్చున్నాను. దేవుడా, బతికించావు అని పైకే అనేశాను. ఆ పిల్ల పక్కన కూర్చుంది. నేను వరసగా నాలుగు బజ్జీలు తిన్నాను, వారం రోజుల తర్వాత మొదటిసారి నాలుకకు రుచి తెలిసింది. వాళ్ల అన్న ఇంటికి రావడానికి ఇంకో ఏడాది పట్టింది, ఆ సంగతి వేరు. ఆ పిల్ల ఇప్పుడు నల్గొండలో ఒక బడిలో లెక్కలు చెబుతోంది. ఆ పధ్నాలుగు మందిలో సగం మంది పేర్లు నాకు వెంటనే గుర్తుకు రావు, కొందరు ఎదురుపడితే వాళ్లే ముందు పలకరించాలి. ఆ తర్వాత ఏళ్లకు ఏళ్లు ఎటు పోయాయో తెలియకుండా పోయాయి గానీ, ఆ ఆదివారం నుంచి ఆ శనివారం దాకా గడిచిన ఆరు రోజులను మాత్రం ఇప్పటికీ గంట గంటా లెక్కపెట్టి చెప్పగలను.