పులివెందులలో ఇంటికొక వీడియోగేమ్

ఆగస్టు పదకొండు, ఆదివారం. ప్రొద్దుటూరు, మామ ఇంటి మిద్దె. హాజరైనవారు: మామ (టీవీల అంగడి యజమాని), అత్త (యజమానికి యజమాని), పులివెందులలో ఖాళీ గది ఉన్న జమ్మలమడుగు రెడ్డెప్ప, నేను. నలుగురి మీటింగుకు హాజరుపట్టీ ఎందుకని, రిటైరయ్యాక అప్పటి నా డైరీ దులుపుతుంటే నాకే అనిపించింది. కానీ అప్పుడు నాకు పాతికేళ్ళు. లోకంలో దేన్నయినా గళ్ళకాగితం మీద గీత గీసి లొంగదీయవచ్చని నమ్మే వయసు. జ్వరం వస్తే దానికీ గీత గీసేవాణ్ణి. (జ్వరం మాత్రం తన ఇష్టప్రకారమే తగ్గేది.)

వీడియోగేమంటే ఇప్పటిలా ఫోనులో దూరిపోయిన వస్తువు కాదప్పుడు. టీవీకి వైరుతో కట్టేస్తే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూసేవారు. మామ మద్రాసు నుంచి తెప్పించిన పెట్టెలు ప్రొద్దుటూరులో దించినవి దించినట్టే అమ్ముడుపోయాయి. దాంతో పులివెందులలో ఇంకో అంగడి తెరవాలని మామకు ఆశ పుట్టింది. అయితే ఈ మోజు ఎన్నేళ్ళుంటుంది? అది తేల్చే పని అంగడిలో గుమాస్తానైన నాకు అప్పజెప్పాడు. చాలా ఏళ్ళు ఉంటుందని తేలితే పులివెందుల అంగడికి నేనే పెద్ద. తేలకపోతే మామకు ఎదురుగా, ఆయన అరుపు అందేంత దూరంలో, శాశ్వతంగా. ఇలాంటప్పుడు లెక్క ఎటు తేలుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

అయినా నేను పద్ధతి తప్పలేదు. రెడ్డెప్ప గదిలోనే టీవీ పెట్టి, వారం పాటు వచ్చినవాళ్ళందరి చేతా మోటారుసైకిలు పందెం ఆడించాను. ఆడి లేచి వెళ్ళే ప్రతి మనిషినీ మీకొకటి కావాలా అని అడిగాను. వద్దన్నవాళ్ళు లేరు. ఆ గదికి అటూ ఇటూ ఉన్న ఇళ్ళన్నీ రెడ్డెప్ప తమ్ముళ్ళవీ దాయాదులవీ అని నాకు తెలుసు. అది లెక్కలోకి రావలసిన సంగతని మాత్రం తెలియదు. గీత గీశాను. అది పైకి పాకి పాకి, చోటు చాలక, ఇంకో కాగితం అతికించుకుంది.

మీటింగులో గొంతు సవరించుకుని, అయిదేళ్ళలో ఇంటికొకటి, ఆ తర్వాత పిల్లవాడికొకటి అని చదివాను. మామ హరికథ వింటున్నట్టు కళ్ళు మూసుకుని తలాడించాడు. అత్త మాత్రం ఇంటికొక గ్రైండరే లేదు గదా అంది. గ్రైండరుతో ఎవరూ ఆడుకోరని నేను మేధావిలా నవ్వాను. రెడ్డెప్ప నా గీతను కింది నుంచి పైదాకా వేలితో తడిమి, "ఇదంతా సరేగానప్పా, ఆ యంత్రమేందో సూపీ ముందు" అన్నాడు.

చూపించాం. అరవై దాటిన మనిషి తలకు తువ్వాలు బిగించి, మలుపు వచ్చినప్పుడల్లా ఒళ్ళంతా పక్కకు వంచి, ఒక మలుపులో అత్త తెచ్చిన మజ్జిగ గ్లాసును కూడా పడగొట్టాడు. అన్నం చల్లారిపోతోందని పిలిస్తే, "ఉండమ్మా, ఎవుడో నన్ను దాటుకోని పోతాండాడు" అన్నాడు. నేనూ మామా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇంతకంటే రుజువేం కావాలి? సాయంత్రం రెడ్డెప్ప ఆ పెట్టెను చంకన పెట్టుకుని, ఇంట్లోవాళ్ళకు చూపిస్తానని, పొద్దున వస్తే గది అగ్రిమెంటు మీద సంతకం పెడతానని చెప్పి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే కాగితాలతో జమ్మలమడుగు చేరాను. ఆయన గడప ముందు చెప్పుల గుట్ట చూసి ఎవరో పోయారనుకుని ముఖం దీనంగా పెట్టుకుని లోపలికి అడుగుపెట్టాను. అందరూ కులాసాగా ఉన్నారు. అంతేకాదు, అందరూ నాకు తెలిసినవాళ్ళే. నా గీతలోని పులివెందుల జనమంతా రాత్రే కబురందుకుని మొదటి బస్సుకే ముద్దనూరు మీదుగా వచ్చి, టీవీ ముందు వరసగా కూచున్నారు. రెడ్డెప్ప పెద్ద తమ్ముణ్ణి పక్కకు పిలిచి, మీకొకటి కావాలన్నారు గదా అని అడిగాను. ఆయనకు నా మీద జాలి కలిగింది.

"ఈడుండాది గదప్పా. పెండ్లిండ్లకు అన్నం వండే గుండిగలు మా వంశానికంతా ఒగటే జత. ఎవురింట్లో పనుంటే ఆడికి పోతాయి. ఇదీ అంతే. శుక్రారం మా ఇంటికొస్తాది."

వంశానికొకటి. పులివెందులలో వంశాలెన్నో మనసులో లెక్కపెట్టుకునేసరికి నా గీతా, నా అంగడీ, నా కుర్చీ అక్కడే కుప్పకూలాయి. రెడ్డెప్ప టీవీ మీద నుంచి కళ్ళు తిప్పకుండానే చాప చూపించాడు. "కూసో అబ్బోడా. సంతకం యాడికి పోతాది. నీ వంతు కానీ ముందు."

కూచున్నాను. ఒళ్ళో అగ్రిమెంటు పెట్టుకుని, మెడ చాచి, ముందున్నవాడు ఎప్పుడు బోల్తా పడతాడా అని ఎదురుచూసిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే, లేపి బస్సెక్కించాలని నాకిప్పుడు కూడా అనిపించదు. జీవితంలో నేను ఏ గీతా గీయకుండా గడిపిన పొద్దు అదొక్కటే. చివరికి వంతు వచ్చింది. అప్పుడే టీవీ పక్కనున్న రెడ్డెప్ప ఇంటి ఫోను మోగింది. మామ. సంతకం అయిందా అని ప్రొద్దుటూరు నుంచి ఫోను అవసరం లేనంత గట్టిగా అడిగాడు.

"సంతకం వద్దులే మామా, వచ్చినాక చెప్తా," అన్నాను. "నా బండి బయల్దేర్తాంది."