మోకాలెత్తు ఉసిరి నీడ

ఆ రోజుల్లో బందరులో ఉద్యోగం దొరకడం ఒక ఎత్తు, అది ఖాయం కావడం ఇంకో ఎత్తు. పార్కులో చెట్ల బాగోగులు చూడమని నన్ను తాత్కాలికంగా వేసుకున్న ఆఫీసరుగారు, గాలివానకి పడిపోయిన పెద్ద ఉసిరి ఉన్నచోటే స్వయంగా ఓ మొక్క నాటి, "ఇది చెట్టయిన రోజున నీ ఉద్యోగం ఖాయం చేస్తానయ్యా" అన్నారు. (అందుకు ఎన్నేళ్లు పడుతుందో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఉద్యోగం ఖాయమైతేగాని పెళ్లి మాట ఎత్తనని మా అమ్మ పట్టు.) మన ఉప్పునేలని నమ్మలేక కాలవ నీళ్లు కావడితో మోసుకొచ్చి పోశాను. మేకలు రాకుండా ముళ్లకంప కట్టాను. మొక్క కొత్త చిగురు వేస్తే ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువ తినేవాణ్ణి.

కార్తీకమాసంలో ఓ ఆదివారం మా మేనత్త, వాళ్ల వీధినంతా వెంటేసుకుని, పులిహోర గిన్నెలతో వనభోజనానికి పార్కుకి దిగింది.

"ఉసిరి చెట్టేదిరా?"

చూపించాను. అది నా మోకాలు దాటలేదు.

"దీని కింద ఎట్టా తింటాం వదినా? నాలుగు కొమ్మలు విరుచుకెళ్లి మన దొడ్లోనే గుచ్చుకుందాం," అంది పక్కింటావిడ. దానికున్నవే నాలుగు కొమ్మలు! నా పైప్రాణాలు పైనే పోయాయి.

"పసిదాని చేతులు విరుస్తామా? తప్పు కదూ!" అని అత్తయ్య కంప పక్కకి లాగించింది. "నీడలో తలో ముద్ద తింటే చాల్లే. ఒక్కొక్కళ్లే రండి."

రావడమేమిటి, పాకడమే. నా భయం సంగతి మర్చిపోయి, మా భారీ మావయ్య తనలో ఏ భాగాన్ని ఆ నీడలో పెడతాడా అని నేనూ వంగి చూస్తున్నాను. ఆయన బోర్లా పడుకుని, తల మటుకు లోపలికి జరిపి, "నోరు నీడలోనే ఉంది, పెట్టవే" అన్నాడు అత్తయ్యతో.

సరిగ్గా అప్పుడే ఆఫీసరుగారు వచ్చారు. "ఏవిటయ్యా ఇదీ?"

అత్తయ్యే, "రండి అన్నయ్యగారూ! నాటిన చెయ్యి మీది, ముందు మీకే పెట్టాల్సింది," అంది.

ఆయన మొక్కని చూశారు, మావయ్యని చూశారు. చెప్పులు విడిచి, కండువా గడ్డి మీద పరిచి, దాని మీద ఒరిగారు. బట్టతల నీడలోకి చేర్చి నోరు తెరిచారు. అత్తయ్య పెట్టిన ముద్ద మింగి, గడ్డి దులుపుకుంటూ లేచి నావైపు తిరిగారు.

"ఇంతమంది దీని నీడన తిన్నాక ఇంకా మొక్కేవిటయ్యా? చెట్టే. రేపు ఆఫీసుకి రా, ఆర్డరు రాయించేస్తాను."

ఇప్పుడా ఉసిరి నాకంటే బాగా ఎత్తు. రిటైరయ్యాక కూడా ప్రతి కార్తీకంలో దాని దగ్గరికి వెళ్తూంటాను. అందరూ నిటారుగా నడిచే నీడలోకి నేను మాత్రం నడుం వంచి, తల దించుకుని వెళ్తాను.

"నడుం నొప్పా తాతగారూ?" అంటారు పిల్లలు.

అవునంటాను.